ఐదో నెట్టు మీద పిల్లి

జూన్ 2, ఆదివారం

సెలవులకు ఇంటికి వచ్చాను. భాష చెప్పే మాస్టారు పెట్టిన షరతులు రెండు. రోజూ ఏదో ఒకటి రాయాలి, ఎవరికీ చూపించకూడదు. "ఎవరూ చూడరని తెలిసి కూడా గొప్పలు పోతున్నావేమో గమనించుకో" అన్నారు. నేను గొప్పలు పోయే రకం కాదు.

మా ఇల్లు గోదాము ఆవరణలోనే. వంటగది కిటికీ తెరిస్తే ఎదురుగా గోదాము రేకుల కప్పు, దాని వెనక రైలు పట్టాలు. పొలాల నుంచి లారీల్లో వచ్చిన మొక్కజొన్న ఇక్కడ బస్తాల్లో నిలవ ఉంటుంది. రైలు వచ్చినప్పుడు వ్యాగన్లు ఎక్కి వెళ్ళిపోతుంది. ఇదంతా చూసుకునేది అమ్మ. ఒకప్పుడు నేల మీద ఒలికిన గింజలు ఊడ్చే పనికి చేరింది, ఇప్పుడు తాళాలగుత్తి ఆమె నడుముకే ఉంటుంది. అందుకు కారణం ఆమె ముక్కు. పొద్దున్నే తలుపు తెరిచి, గుమ్మంలో ఒక్క నిమిషం నిలబడి, "ఎడమ మూల బస్తాలు తేమెక్కాయి, తీయండి" అనేస్తుంది. తీసి చూస్తే అంతే. హమాలీలు ఆమెను ముక్కు మేడం అంటారు, అదీ ఎదురుగానే.

పోయిన నెల అమ్మకు పెద్ద జ్వరం వచ్చి తగ్గిందట. ఫోన్లో ఒక్క ముక్క చెప్పలేదు. బాగా చిక్కింది.

సాయంత్రం పాలు మాడిపోయాయి. అమ్మ పొయ్యి పక్కనే కూర్చుని బీన్స్ తుంచుతోంది. నేను ముందు గదిలోంచి పరుగెత్తుకొచ్చేసరికి గిన్నె నల్లబడింది. "అయ్యో, చూసుకోలేదే" అంది. రైలు ధ్యాసలో ఉండి ఉంటుంది. ఈ నెలలోనే రైలు వస్తుందట.

జూన్ 3

కొత్త మాట: నెట్టు. బస్తాలను ఒక వరస అడ్డంగా, ఒక వరస నిలువుగా పేర్చిన గుట్ట. నెట్టు పెడతాం అనరు, కడతాం అంటారు. ఇల్లు కట్టినట్టు.

జూన్ 4, మంగళవారం

పొద్దున అమ్మ తాళాలు తీసుకుంటూ "నాతో వస్తావా?" అంది. చిన్నప్పుడు బతిమాలినా రానిచ్చేది కాదు, దుమ్ము అనేది.

ఇప్పుడు నాలుగు నెట్లు ఉన్నాయి, ఐదోదానికి చోటు ఖాళీగా ఉంది. కింద చెక్క దిమ్మెలు, వాటి మీద బస్తాలు కప్పుదాకా. కప్పు రేకులో ఒకచోట అద్దం బిళ్ళ ఉంది, అందులోంచి దిగే ఎండలో దుమ్ము నిదానంగా తిరుగుతోంది. (ఈ వాక్యం బాగుంది.)

మొదటి నెట్టు దగ్గర అమ్మ ఆగింది. "నువ్వు రాయడం నేర్చుకుంటున్నావుగా. ఈ వాసన ఎలా ఉందో మాటల్లో చెప్పు చూద్దాం" అంది.

నా ఆనందం ఏమని చెప్పను! మార్కులు తప్ప నా చదువు గురించి అమ్మ ఎన్నడూ అడిగింది లేదు. కళ్ళు మూసుకుని చెప్పాను. ఎండలో ఆరిన గడ్డి, కొంచెం పిండి మర వాసన, గోనె నార వాసన.

"పులుపు ఏమైనా ఉందా?"

"లేదు."

"మళ్ళీ చూడు."

మళ్ళీ చూశాను. లేదు. అమ్మ తలూపి రెండో నెట్టుకు నడిచింది.

ముఠా మేస్త్రి తలుపు దగ్గర తలపాగా చుట్టుకుంటున్నాడు. హమాలీలందరికీ పెద్ద, అమ్మ ఊడ్చే రోజుల నుంచీ ఉన్నవాడు. "ఏంటి మేడం, పాపకి బస్తాలతో పెళ్ళిచూపులా? కళ్ళు మూసుకుని నిలబడింది" అన్నాడు.

"కవిత్వం చెబుతోందిలే."

"ఓహో, కవిగారా! అయితే మా వాసన గురించి కూడా ఒకటి చెప్పండి కవిగారూ. మా ఇంటావిడ రోజూ చెప్తుంది గానీ, అది రాయదగ్గది కాదు."

ఇక నా పేరు కవిగారే. నాకేం బాధ లేదు.

జూన్ 6

ప్రతి పొద్దునా ఇదే మా ఆట. నేను చెప్తాను, అమ్మ వింటుంది. ఊరికే వినదు. "పులుపంటే పెరుగు పులుపా, పండు మగ్గిన పులుపా?" అంటుంది. "బూజంటే తడి గోడ బూజా, పాత పెట్టె బూజా?" అంటుంది. తేడా ఉందని నాకు అడిగాకే తెలిసింది. మాస్టారు కూడా నా వ్యాసాలు ఇంత శ్రద్ధగా చదవలేదు. అమ్మలో ఇంత సాహిత్యాభిమానం ఉందని ఎవరనుకున్నారు!

జూన్ 7, శుక్రవారం

తూకం గది వెనక పందికొక్కు చచ్చింది. ఎప్పుడు చచ్చిందో ఏమో, ఇవాళ ఎండకి ఆవరణంతా కంపు. హమాలీలు తువ్వాళ్ళు ముక్కులకు చుట్టుకున్నారు. గోదాము పిల్లి ఇన్‌స్పెక్టర్ కూడా గోడెక్కి దూరంగా కూర్చుంది. (గదులన్నీ తిరిగి ఏ పనీ చేయదు కాబట్టి దానికి ఆ పేరు పెట్టింది మేస్త్రి.)

అమ్మ తూకం గది అరుగు మీద కూర్చుని టీ తాగుతోంది. నిదానంగా, బిస్కెట్ ముంచుకుంటూ.

మేస్త్రి ఆమె వంక చూశాడు. నా వంక చూశాడు. ఏమీ అనలేదు. అతను ఏమీ అనకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

జూన్ 8

అమ్మకు జలుబు చేసి ఉంటుంది.

జూన్ 9, ఆదివారం

జలుబు కాదు.

ఇవాళ అడిగేశాను. అమ్మ బట్టలు మడత పెడుతోంది. చేతిలో ఉన్న నా చున్నీని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, పీల్చి, దించింది. "చూడు. ఇది నీది. నువ్వు హాస్టల్‌కి పోయాక నీ బట్టలు వాసన చూసుకునేదాన్ని. ఇప్పుడు గోడను వాసన చూసినట్టుంది" అంది.

జ్వరం తగ్గాక ఒకరోజు పొద్దున లేచేసరికి ఏ వాసనా లేదట. సబ్బు లేదు, టీ లేదు, గోదాము లేదు. డాక్టరు "రావచ్చు, రాకపోవచ్చు, ఓపిక పట్టండి" అన్నాడట.

"నాన్నకి తెలుసా?"

"తెలిస్తే లారీ ఎక్కడో ఆపేసి ఇంటికొచ్చి కూర్చుంటారు. ఆయనకి చెప్పకు. మేస్త్రికి అసలు చెప్పకు. ఆ నోట్లో ఆవగింజ నానదు."

"పెద్దసారుకి?"

అమ్మ చున్నీని చాలా జాగ్రత్తగా మడిచింది. పెద్దసారు ఈ చుట్టుపక్కల గోదాములన్నిటి మీదా అధికారి. "ముక్కు మేడం అని పెట్టుకున్నారు నన్ను. ముక్కు లేని మేడం వాళ్ళకెందుకు? తాళాలు తీసుకుని ఏదో ఆఫీసులో మూల కుర్చీలో పడేస్తారు. అదైనా పడతాను. కానీ ఈ రైలుకి వెళ్ళాల్సిన గింజలో నలభై ఊళ్ళ పంట ఉంది. ఒక నెట్టు కుళ్ళిందంటే రైలు దగ్గర మొత్తం సరుకూ తిప్పి పంపుతారు. అది నా చేతిలో జరగకూడదు."

నేను అమ్మ మోకాలి మీద చెయ్యి వేశాను.

"రైలు వెళ్ళేదాకా నువ్వే నా ముక్కు" అంది అమ్మ. నవ్వుతూనే అంది.

జూన్ 10

నేనే ముక్కుని! పడుకుంటే నిద్ర పట్టడం లేదు, గర్వానికి.

జూన్ 12, బుధవారం

తెల్లారిందగ్గర్నుంచీ వాన. ఇంత తొందరగా వస్తుందని ఎవరూ అనుకోలేదు. వానలోనే లారీలు వచ్చాయి, వాటిలో నాన్నది కూడా ఒకటి. టార్పాలిన్ల కింద నుంచి ఒక్కో బస్తా వీపు మీద వేసుకుని హమాలీలు పరుగు మీద మోశారు. అమ్మ తలుపు దగ్గర నిలబడి తేమ చూసే మిషన్‌తో ఒక్కో లారీ నుంచి కాసిని బస్తాలు పరీక్షించింది. బాగానే ఉన్నాయి. చివరి లారీ వచ్చేసరికి కరెంటు పోయింది, మిషన్ అంకెలే కాదు, మనిషికి మనిషి కనపడడం లేదు. "చేతికి పొడిగానే ఉన్నాయి మేడం" అన్నాడు మేస్త్రి. ఆ బస్తాలు ఐదో నెట్టు నడిమధ్యకి వెళ్ళాయి, వాటి చుట్టూ, మీదా మిగిలినవి వచ్చాయి.

నాన్న తడిసి ముద్దయి ఇంట్లోకి వచ్చాడు. "ఏమోయ్, ఒక టీ పడితే మనిషినవుతాను." నన్ను చూసి "ఇదెవరు, మన ఇంట్లో ఇంత పొడుగు పిల్ల?" అన్నాడు. ప్రతిసారీ ఇదే అంటాడు. ప్రతిసారీ నవ్వొస్తుంది.

అమ్మ టీలో ఏలకులు వేయబోయి చేత్తో తడిమి చూసి వేసింది. నాన్న గమనించలేదు. ఒక గంటలో మళ్ళీ లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

జూన్ 14, శుక్రవారం

ఇవాళ నేను నా జీవితంలోకెల్లా మంచి వాక్యం చెప్పాను.

ఐదో నెట్టు దగ్గర. బయట సన్నగా జల్లు. కళ్ళు మూసుకున్నాను. "ఎండిన నేల మొదటి చినుకును తాగి, ఇంకొక్కటి, ఇంకొక్కటి అని అడుగుతున్న వాసన" అన్నాను.

అమ్మ ఆగింది. "మట్టి వాసనా? బయటి నుంచి వస్తోందా, బస్తాల్లోంచా?"

"అంతా కలిసిపోయిందమ్మా. చాలా బాగుంది."

"బాగుందా?"

"చాలా."

అమ్మ తలుపులోంచి వాన వంక చూసింది. "వాన వాసనేలే" అని నవ్వి, నా తల నిమిరి ముందుకు వెళ్ళింది.

ఎండిన నేల మొదటి చినుకును తాగి, ఇంకొక్కటి, ఇంకొక్కటి అని అడుగుతున్న వాసన. మాస్టారుకి చూపించకూడదంటే కష్టంగానే ఉంది.

జూన్ 15

ఐదో నెట్టు దగ్గర నిన్నటి వాసనే. దానితోపాటు ఇంకేదో కూడా ఉంది. కిటికీలు మూసిన గదిలో ఎవరో చాలాసేపు పడుకుని లేచి వెళ్ళినట్టు. వెచ్చగా, కాస్త తియ్యగా. అది నా వాక్యానికి అతకలేదు. అంత చిన్న సంగతి, దాన్ని పట్టుకొచ్చి వాక్యం పాడుచేయడం ఎందుకని నిన్నటిదే మళ్ళీ చెప్పాను. వానకి అన్నీ అలాగే ఉంటాయి.

జూన్ 16

వాన. ఇన్‌స్పెక్టర్ ఐదో నెట్టు పైకెక్కి ముడుచుకుని పడుకుంది. ఎంత ముద్దుగా ఉందో. నిన్న కూడా అక్కడే ఉంది.

జూన్ 17, సోమవారం

రాయడానికి ఏమీ లేదు.

జూన్ 18

రాయాలి. షరతు షరతే.

నిన్న మధ్యాహ్నం అన్నం తింటున్నాం. అమ్మను నవ్విద్దామని "ఇన్‌స్పెక్టర్‌కి ఐదో నెట్టు మీద ప్రేమ పుట్టినట్టుంది. దిగమన్నా దిగడం లేదు. మూడు రోజులుగా అక్కడే కాపురం" అన్నాను.

అమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"మిగతా నెట్ల మీద పడుకోవడం లేదా?"

"లేదు."

"వెచ్చగా ఉంటే తప్ప ఆ పిల్లి ఎక్కడా నిలవదు" అంది. కంచం పక్కకు జరిపింది. "ఐదో నెట్టు దగ్గర ఏం వాసన? అందంగా చెప్పకు. ఉన్నది చెప్పు."

మట్టి వాసన అన్నాను. "ఇంకా?" అంది. మూసిన గది అన్నాను. ఎవరో పడుకున్నట్టు. వెచ్చగా. తియ్యగా. ఇవాళ కాస్త కల్లు పులిసినట్టు కూడా.

"ఎప్పటి నుంచి?"

"మొన్నటి నుంచి."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

వాక్యం పాడవుతుందని. ఆ మాట ఎలా చెప్పను! కానీ చెప్పాను. అమ్మ అడిగినప్పుడు అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

అమ్మ కేకలేస్తుందనుకున్నాను. వేయలేదు. "నేను ముక్కు అడిగాను. నువ్వు అత్తరు ఇచ్చావు" అంది. అంతే. చెంపదెబ్బ కొట్టినా ఇంతకన్నా బాగుండేది.

గోదాములో పొడవాటి ఇనప కడ్డీ ఒకటి ఉంది. అనుమానం వస్తేనే వాడతారు, ఎందుకంటే అది గుచ్చితే దారిలో సంచులు చిరుగుతాయి. అమ్మా నేనూ కలిసి దాన్ని ఐదో నెట్టు సందులోంచి లోపలికి, చాలా లోపలికి నెట్టాం. కాసేపు ఆగి లాగాం. అమ్మ దాని కొనను పట్టుకుని, నా చెయ్యి కూడా లాగి దాని మీద పెట్టింది. అప్పుడే టీ పోసిన గ్లాసులా ఉంది.

గింజ తడిగా ఉంటే అది ఊపిరి తీసుకుంటుందట, ఊపిరి తీసుకుంటే వేడి పుడుతుందట, ఆ వేడికి పక్క బస్తా చెమటలు పడుతుందట. ఒకదాన్నుంచి ఒకటి. అమ్మ ఇదంతా కడ్డీని గుడ్డతో తుడుస్తూ చెప్పింది, నేను వింటున్నానో లేదో చూడకుండా.

"ఇప్పుడేం చేయాలి?"

"నెట్టు విప్పాలి. ఇవాళే. అంటే ముఠా కావాలి. ఎందుకు విప్పుతున్నామంటే చెప్పాలి. ముందే ఎందుకు చెప్పలేదంటే..." ఆగింది. తాళాలగుత్తి ఒకసారి తడుముకుంది. "పద."

హమాలీలు పడమటి వరండాలో కూర్చుని ఉన్నారు. అమ్మ వాళ్ళ ముందు నిలబడి, ఉపోద్ఘాతం ఏమీ లేకుండా, "నాకు వాసన తెలియడం లేదు. జ్వరం వచ్చినప్పటి నుంచి. ఐదో నెట్టు నడుమ ఉడుకుతోంది, నాకు తెలియలేదు. విప్పాలి" అంది.

హమాలీలు మేస్త్రి వంక చూశారు.

మేస్త్రి తలపాగా విప్పి దులిపాడు. "పందికొక్కు చచ్చిన రోజే తెలుసు మేడం."

"తెలిసీ అడగలేదా?"

"మీ ముక్కు సంగతి మీరు చెప్పుకోవాలి గానీ, మేమెలా అడుగుతాం? అయినా రోజూ కవిగారు బస్తాల ముందు పాఠం అప్పజెప్తుంటే అర్థం కాదా? మా బాధల్లా ఒకటే, ఆ పాపకి ముక్కుంది గానీ అనుభవం లేదు. మాకు అనుభవం ఉంది గానీ ఈ దుమ్ముకి ముక్కులకి గుడ్డలు. నెట్టు కట్టాక మమ్మల్ని లోపలికి పిలిచేదెవరు?" లేచి నిలబడ్డాడు. "లేవండ్రా. ముక్కు మేడం చెప్పింది. మధ్యలోంచి తీయాలి, జాగ్రత్త, పైవి జారతాయి."

అమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. ఆమె ఏడవడం నేను చూడకూడదనుకుందేమో. నేను చూడలేదు.

జూన్ 19, బుధవారం

చేతులు బొబ్బలెక్కాయి, అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

నడుమ ఉన్న బస్తాలను బయటికి తీస్తే ఆవిరి వచ్చింది. చివరి లారీవే. కొన్నిటిలో గింజలు పచ్చగా బూజు పట్టి ఒకదానికొకటి అంటుకుపోయాయి. వాటిని వేరే షెడ్డులో పడేశాం, అవి దేనికీ పనికిరావు. వాటి చుట్టూ ఉన్నవి వెచ్చబడ్డాయి గానీ చెడలేదు. మిగతావి బాగానే ఉన్నాయి. "ఇంకో నాలుగు రోజులు ఆగితే మొత్తం పోయేది" అంది అమ్మ. నెట్టు విప్పడం మొదలయ్యాక నాతో నేరుగా అన్న మొదటి మాట అది.

వెచ్చబడ్డ గింజల్ని సిమెంటు వాకిట్లో పలచగా పరిచాం. జల్లు పడితే టార్పాలిన్, ఎండ వస్తే తీసెయ్యడం. చెక్క పారలతో అటూ ఇటూ తిప్పడం. నాన్న మధ్యాహ్నం వచ్చాడు, లారీ గేటు దగ్గరే వదిలేసి. మేస్త్రే ఫోన్ చేశాడట. (ఆవగింజ ఈసారి మంచిపనే చేసింది.)

నాన్న అమ్మ మీద విరుచుకుపడ్డాడు. "గ్యాసు లీకైతే? ఇంట్లో ఒక్కదానివే ఉంటావు, గ్యాసు లీకైతే ఏం చేద్దామని? నాకు చెప్పవా?"

"చెప్తే మీరేం చేస్తారు, గ్యాసు వాసన చూడడానికి లారీ వదిలేసి కూర్చుంటారా?"

"కూర్చుంటాను! నా ముక్కు నాదేగా!"

వాకిట్లో అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వేసి, పార అందుకుని తిప్పడం మొదలుపెట్టాడు.

జూన్ 20

పెద్దసారు వచ్చారు.

అమ్మ ముందే చెప్పేసింది, ఆయన కుర్చీలో కూర్చోకముందే. చెడిన బస్తాలు చూపించింది. తన ముక్కు సంగతి చెప్పింది. నా గురించి మాత్రం చెప్పలేదు. నేనే చెప్పాను. ఆయన నన్ను చూసి "నువ్వు తర్వాత" అన్నారు.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నారు అమ్మతో.

"తాళాలు తీసుకుంటారని."

"ఇప్పుడు అడగొచ్చా?"

అమ్మ నడుము నుంచి గుత్తి విప్పి బల్ల మీద పెట్టింది. ఆ చప్పుడు నాకు ఇంకా వినిపిస్తోంది. అమ్మ నడుము దగ్గర చీర మీద తుప్పు మరక ఒకటి ఉంది. అది ఎన్నాళ్ళ నుంచో అక్కడే ఉన్నా ఇవాళే చూశాను.

పెద్దసారు ఒక్కరే నెట్ల చుట్టూ తిరిగి వచ్చారు. చేతిరుమాలుతో ముక్కు తుడుచుకున్నారు. "నాకు చిన్నప్పటి నుంచీ ముక్కు దిబ్బడమ్మా" అన్నారు చివరికి. "గులాబీకీ ఉల్లిపాయకీ తేడా తెలియదు. ఇన్నేళ్ళూ నువ్వు బాగుందంటే బాగుందని సంతకం పెట్టాను."

మేస్త్రి గుమ్మంలోంచి "అయితే అందరం ఒక ఒడ్డుకే చేరాం సార్" అన్నాడు. ఎవరూ అడగకుండానే.

గుత్తి మాత్రం పెద్దసారు జేబులో వేసుకున్నారు. "రైలు వెళ్ళాక చూద్దాం" అన్నారు.

జూన్ 21, శుక్రవారం

రైలు రేపు. ఇవాళ ప్రతి నెట్టూ మళ్ళీ పరీక్ష. అమ్మ కొత్త పద్ధతి పెట్టింది. హమాలీలందరూ గుడ్డలు విప్పి, ఒక్కొక్కరూ నెట్టు దగ్గరికి వచ్చి, ఏం వాసన వస్తోందో చెప్పాలి. నేను కూడా. అమ్మ మధ్యలో కళ్ళు మూసుకుని నిలబడింది.

"తడి గోనె."

"కాదు, రెండో రోజు వేసుకున్న చొక్కా."

"నీ చొక్కా వాసన అది, నెట్టుది కాదు. జరుగు పక్కకి."

"ఎండుగడ్డి మేడం. పాతది కాదు, ఈ ఏడాదిది."

"మా అమ్మ పిండి జల్లిస్తుంటే వచ్చేది చూడు, అది."

నా వంతు వచ్చింది. నోటిదాకా ఒక ఉపమానం వచ్చింది, మింగేశాను. "పిండి. గోనె. పులుపు లేదు. వెచ్చదనం లేదు" అన్నాను.

అమ్మ కళ్ళు తెరిచి నా వంక చూసింది. "ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. అదే కావాలి" అంది. తర్వాత, "ఆ మొన్నటి మాట, మూసిన గదిలో పడుకుని లేచినట్టు... అది మంచి మాటే. అదే ముందు చెప్పుంటే పరుగెత్తుకెళ్ళేదాన్ని" అంది.

ఈ రోజంతా ఆ మాటే తలుచుకుంటున్నాను. నేను వదిలేసినదే మంచి మాట.

జూన్ 22

రైలు వచ్చింది. మొక్కజొన్న ఎక్కింది. సరుకు తీసుకునేవాళ్ళు ప్రతి వ్యాగన్ లోంచీ గొట్టాలు గుచ్చి గింజలు తీసి, కొరికి, వాసన చూసి, మిషన్లో పెట్టి చూశారు. ఒక్క బస్తా తిప్పి పంపలేదు. చివరి వ్యాగన్ తలుపు మూశాక మేస్త్రి తలపాగా గాల్లోకి ఎగరేశాడు, అది పోయి వ్యాగన్ పైన పడింది, దానితోపాటే వెళ్ళిపోయింది. "పోనీలెండి, నా వాసన కూడా నాలుగు ఊళ్ళు తిరగాలిగా" అన్నాడు.

రైలు మలుపు తిరిగాక పెద్దసారు జేబులోంచి గుత్తి తీశారు. "రెండు రోజులు మోశాను. నా జేబు చిరిగింది" అంటూ అమ్మ చేతిలో పెట్టారు. రెండు షరతులు. ఇకమీదట వారానికోసారి ప్రతి నెట్టులోనూ కడ్డీ గుచ్చి చూడాలి, సంచులు చిరిగినా సరే. వాసన ఒక్కరు కాదు, కనీసం ముగ్గురు చెప్పాలి. "నిర్ణయం మాత్రం నీదే" అన్నారు అమ్మతో. "వాసన వస్తే ఏం చేయాలో తెలిసింది నీకొక్కదానికే."

అమ్మ గుత్తి నడుముకి కట్టుకుంది. ముడి రెండుసార్లు వేసింది.

జూన్ 25, మంగళవారం

గోదాము ఖాళీ. చెక్క దిమ్మెలు మాత్రమే ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ ఎక్కడ పడుకోవాలో తెలియక కాలు కాలినట్టు తిరుగుతోంది.

పొద్దున నేను టీ పెట్టాను. అమ్మ ఒక గుక్క తాగి ముఖం వికారంగా పెట్టింది.

"ఇదేం టీనే? రబ్బరు కాలిన కంపు కొడుతోంది."

నేను తాగి చూశాను. టీ మామూలుగానే ఉంది. పాలు మాడలేదు, ఏలకులు వేశాను.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"ఏం కంపు?" అన్నాను.

"రబ్బరు." గ్లాసు మళ్ళీ ముక్కు దగ్గరికి తీసుకెళ్ళింది. "ఛీ, అసహ్యంగా ఉంది" అంది. అంటూనే నవ్వుతోంది, కళ్ళు తడిసిపోయి.

డాక్టరుకి ఫోన్ చేశాం. పోయిన వాసన కొందరికి ఇలాగే, తప్పుతప్పుగా తిరిగి రావడం మొదలుపెడుతుందట. సర్దుకోవడానికి నెలలు పట్టొచ్చట. సర్దుకోకపోనూవచ్చట. కానీ మొదలైంది.

నేను ఈ పుస్తకం తెచ్చుకుని అమ్మ ఎదురుగా కూర్చున్నాను. "సరిగ్గా చెప్పు. ఏ రబ్బరు? సైకిల్ ట్యూబా, కాలి చెప్పా, లారీ టైరా?"

అమ్మ కళ్ళు మూసుకుంది. మళ్ళీ పీల్చింది. గోదాము గుమ్మంలో నిలబడేటప్పుడు పెట్టే ముఖం పెట్టింది.

"లారీ టైరు. మీ నాన్న గట్టిగా బ్రేకు వేసినప్పటిది."

అదే రాశాను. ఇంకేమీ చేర్చలేదు.